ఒంట్లో ఇనుము, ఒంటిమీద కొవ్వు

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ఆంధ్రప్రదేశ్ నివేదికలో రెండు అంకెలున్నాయి. 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవాళ్లు 58.8 శాతం. అదే వయసు మహిళల్లో అధిక బరువో ఊబకాయమో ఉన్నవాళ్లు 36.3 శాతం. తెలంగాణలో ఈ అంకెలు 57.6, 30.1. మొదటిది చదవగానే మన కళ్ల ముందు మెదిలేది బక్కచిక్కిన కూలిమనిషి. రెండోది చదివితే పట్నంలో టీవీ ముందు కూర్చున్న ఇల్లాలు. ఒకరిది లేమి, ఒకరిది కలిమి, ఇద్దరికీ సంబంధం లేదని తేల్చేసుకుంటాం. ప్రభుత్వాలూ అలాగే తేల్చుకున్నాయి: రక్తహీనతకు ఒక పథకం, షుగరు-బీపీలకు వేరే పథకం. "అంత ఒళ్లు వేసుకుని రక్తం లేదంటావేంటే" అని ఇంట్లో పెద్దవాళ్లు ఆడపిల్లను దెప్పిపొడవడం వెనకా ఉన్నది ఈ నమ్మకమే.

అరవై ఏళ్లుగా పోగుపడిన పరిశోధన ఈ నమ్మకాన్ని నిలవనివ్వదు. కొవ్వు పెరిగిన ఒంట్లో ఇనుము నడక మారుతుంది. రక్తంలో తగ్గుతుంది, కాలేయంలోనూ కొవ్వు కణజాలంలోనూ పేరుకుంటుంది, పేగులోంచి లోపలికి రావడం మందగిస్తుంది. ఒకే మనిషిలో ఒకేసారి ఒకచోట కరువు, ఇంకోచోట మిగులు. అందుకే ఈ విషయం మీద వచ్చిన పత్రాలు పైపైన చదివితే ఒకదాన్నొకటి ఖండిస్తున్నట్టే ఉంటాయి. కొన్ని ఊబకాయులకు ఇనుము తక్కువంటాయి, కొన్ని ఎక్కువంటాయి. దాదాపు అన్నీ నిజమే. ఇనుము ఎంత ఉందన్నది సగం ప్రశ్న. ఎక్కడ ఉందన్నది మిగతా సగం. నా ఉద్దేశంలో ఆ రెండో సగమే పెద్దది.

ముందు కొంచెం లెక్క చూడాలి. పెద్దవాళ్ల ఒంట్లో ఉండే ఇనుమంతా కలిపి 3 నుంచి 4 గ్రాములు. అందులో సుమారు మూడింట రెండు వంతులు ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. ముసలివైపోయిన ఎర్రకణాలను ప్లీహంలో, కాలేయంలో ఉండే మాక్రోఫేజ్ కణాలు మింగి, వాటిలోని ఇనుమును తిరిగి రక్తంలోకి వదులుతాయి. ఇలా రోజుకు 20 నుంచి 25 మిల్లీగ్రాములు చేతులు మారుతుంది. ఎముకల్లోని మూలుగ దాన్ని తీసుకుని కొత్త కణాలను తయారుచేస్తుంది. భోజనం నుంచి కొత్తగా వచ్చేది రోజుకు 1 నుంచి 2 మిల్లీగ్రాములే. అంటే మనం నడిచేది ముఖ్యంగా పాత ఇనుము మీద. ఇంకో సంగతి: అదనంగా చేరిన ఇనుమును కావాలని బయటకు నెట్టే దారి మన శరీరానికి లేదు. ఈ మాట మెకాన్స్, విడోసన్ అనే బ్రిటిష్ పరిశోధకులు 1937లోనే చెప్పారు. బయటకు దారి లేనప్పుడు కాపలా అంతా లోపలికొచ్చే గుమ్మం దగ్గరే ఉండాలి. ఆ కాపలా ఎవరిదన్నది తెలియడానికి ఇంకో అరవై ఏళ్లకు పైగా పట్టింది.

ఈలోపు 1962లో వెంజెల్, స్టల్ట్స్, హార్వర్డ్‌కు చెందిన పోషకాహార శాస్త్రవేత్త జాన్ మేయర్ కలిసి లాన్సెట్ పత్రికలో ఒక చిన్న పత్రం అచ్చువేశారు. లావుగా ఉన్న కౌమార వయసు పిల్లల రక్తంలో ఇనుము, సాధారణ బరువున్న పిల్లలకంటే తక్కువగా ఉందన్నది దాని సారాంశం. అప్పటి అమెరికాలో ఊబకాయం ఇంత పెద్ద గొడవ కాదు. ఆ పత్రం దాదాపు నలభై ఏళ్లు అలా పడి ఉంది. 2003లో ఇజ్రాయెల్ పరిశోధకులు 321 మంది పిల్లలను పరీక్షించి, ఊబకాయం ఉన్నవారిలో 38.8 శాతానికి, అధిక బరువు ఉన్నవారిలో 12.1 శాతానికి, సాధారణ బరువున్నవారిలో 4.4 శాతానికి రక్తంలో ఇనుము తక్కువగా ఉందని చూపించారు. మరుసటి ఏడు అమెరికాలో జాతీయ సర్వే సమాచారం తిరగేస్తే, అధిక బరువున్న పిల్లల్లో ఇనుము లోపం మిగతావారికంటే రెట్టింపు ఉందని తేలింది. అప్పుడు గాని మేయర్ పత్రం మళ్లీ ఎవరికీ గుర్తు రాలేదు.

మొదట్లో చెప్పిన కారణాలు సాదాసీదావి. చిరుతిళ్లు తినే పిల్లలకు కాలరీలు దక్కుతాయి గాని ఇనుము దక్కదు. పెద్ద ఒంటికి రక్తం పరిమాణం ఎక్కువ, కాబట్టి ఇనుము అవసరమూ ఎక్కువ. లావు పిల్లలు ఆటలాడరు. ఇవేవీ పూర్తిగా తప్పు కాదు. కానీ తిండిలో ఇనుము సమానంగా ఉన్నవాళ్లను పోల్చి చూసినా తేడా మిగిలిపోయింది. కారణం తిండి దాటి ఇంకెక్కడో ఉంది.

కాలేయం నుంచి వచ్చే ఆజ్ఞ

ఆ కారణం పేరు హెప్సిడిన్. 25 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీను ముక్క. కాలేయంలో తయారవుతుంది. 2000లో జర్మనీలోనూ, 2001లో కాలిఫోర్నియాలోనూ దీన్ని కనిపెట్టినవాళ్లు వెతుకుతున్నది ఇనుము కోసం కాదు, సూక్ష్మజీవులను చంపే సహజ పదార్థాల కోసం. ఇనుముతో దాని సంబంధం బయటపడిన తీరు ఇంకా విచిత్రం. పారిస్‌లో సోఫీ వోలాన్ బృందం పనిచేస్తున్నది కాలేయంలో గ్లూకోజు జన్యువులను ఎలా నడిపిస్తుందనే విషయం మీద. అందుకోసం ఒక జన్యువును తీసేసిన ఎలుకల్లో కాలేయం నిండా ఇనుము పేరుకుపోవడం కనబడింది. వెతికితే ఆ ఎలుకల్లో హెప్సిడిన్ తయారే కావడం లేదు. చక్కెర కోసం వెళ్లినవాళ్లకు ఇనుము తాళంచెవి దొరికింది. తర్వాత ఇరవై ఏళ్లలో ఈ రెండు రంగాలూ ఎంత పెనవేసుకుపోయాయో చూస్తే, ఆ యాదృచ్ఛికం ఇప్పుడు అంత యాదృచ్ఛికంగా అనిపించదు.

పని తీరు 2004లో తేటపడింది. కణాల్లోంచి రక్తంలోకి ఇనుము రావడానికి ఉన్న ఒకే ఒక ద్వారం ఫెర్రోపోర్టిన్ అనే ప్రోటీను. ఇది చిన్నపేగు గోడల కణాల మీదా, మాక్రోఫేజ్‌ల మీదా ఉంటుంది. హెప్సిడిన్ వెళ్లి దానికి అతుక్కుంటే, కణం ఆ ద్వారాన్నే లోపలికి లాక్కుని నాశనం చేస్తుంది. అప్పుడు భోజనంలోని ఇనుము పేగు గోడ దాటదు, పాత కణాల నుంచి తీసిన ఇనుము మాక్రోఫేజ్ దాటదు. గాదె నిండా గింజలుండి, తాళంచెవి దొరక్క ఇంటిల్లిపాదీ పస్తున్నట్టు ఉంటుంది ఒంటి పరిస్థితి. ఒంట్లో ఇనుము నిండుగా ఉంటే హెప్సిడిన్ పెరగడం సహజమే. ఇన్‌ఫెక్షన్ వచ్చినా పెరుగుతుంది, ఎందుకంటే సూక్ష్మజీవులకూ ఇనుము కావాలి. వాటికి అందకుండా దాచేయడం శరీరానికి తెలిసిన పాత యుద్ధవిద్య. ఇన్‌ఫెక్షన్ వేళ విడుదలయ్యే ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయనం కాలేయానికి ఈ ఆజ్ఞ ఇస్తుందని అదే 2004లో నిరూపించారు.

ఊబకాయం కథలోకి వచ్చేది ఇక్కడే. ఉబ్బిన కొవ్వు కణజాలంలోకి మాక్రోఫేజ్‌లు చేరతాయి. జ్వరమూ నొప్పీ లేని, ఏళ్ల తరబడి సాగే నెమ్మదైన ఇన్‌ఫ్లమేషన్ మొదలవుతుంది. ఇంటర్‌ల్యూకిన్-6 కొద్దికొద్దిగా, కానీ ఆగకుండా వస్తుంటుంది. కాలేయానికి ఇది క్షయ సూక్ష్మజీవి పనో, బొజ్జ చుట్టూ చేరిన కొవ్వు పనో తెలియదు. హెప్సిడిన్ పెంచేస్తుంది. కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోను కూడా ప్రయోగశాలలో కాలేయ కణాల చేత హెప్సిడిన్ తయారు చేయించగలిగింది. 2006లో ఫ్రెంచి పరిశోధకులు తీవ్ర ఊబకాయుల కొవ్వు కణజాలంలోనే హెప్సిడిన్ తయారవుతున్న ఆనవాళ్లు చూసి, కొవ్వే నేరుగా దీన్ని రక్తంలోకి వదులుతోందేమో అన్నారు. తర్వాతి కొలతల్లో కొవ్వు నుంచి రక్తంలోకి చెప్పుకోదగ్గ హెప్సిడిన్ రావడం లేదని తేలింది. కొవ్వుది ఫిర్యాదు, ఆజ్ఞ మాత్రం కాలేయానిదే.

ఇదంతా పరీక్షనాళికల మాట. మనుషుల్లో రుజువేదీ? మంచి రుజువే ఉంది. అందులో మన దేశం వాటా కూడా ఉంది. జూరిక్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ జిమ్మర్‌మన్ బృందం 2008లో థాయ్‌లాండ్ మహిళల్లో ప్రత్యేక ఐసోటోపులతో ఇనుము శోషణను కొలిచి, బరువు పెరిగేకొద్దీ శోషణ తగ్గుతోందని చూపింది. ఇనుము కలిపిన ఆహారం ఇచ్చిన మొరాకో, భారత పిల్లల్లో కూడా, బరువు సూచి ఎక్కువగా ఉన్నవారికి మొదట్లో ఇనుము తక్కువ, ఆహారం తిన్నాక వచ్చిన మెరుగుదలా తక్కువే. 2015లో సెపెడా-లోపెజ్, మరికొందరు చేసిన అధ్యయనం నాకు ఇంకా గట్టిదనిపిస్తుంది. ఇనుముతో పాటు విటమిన్ సి తీసుకుంటే శోషణ పెరుగుతుందని అందరికీ తెలిసిందే. పప్పులో నిమ్మకాయ పిండుకోమని, ఉసిరికాయ తినమని చెప్పడం వెనక ఉన్న శాస్త్రం అదే. అధిక బరువున్న మహిళల్లో ఆ లాభం మామూలు బరువున్నవాళ్లకు దక్కినదాంట్లో సగమే దక్కింది. విటమిన్ సి పనిచేసేది పేగు లోపల, ఇనుమును కరిగే రూపంలో ఉంచడానికి. మూసుకున్నది పేగుకు అవతలి వైపు ద్వారం. నిమ్మరసం అక్కడిదాకా వెళ్లదు.

2020లో వచ్చిన మరో పత్రం మనకు ఇంకా దగ్గరిది. యువతుల్లో నడుము దగ్గర కొవ్వు చేరినవాళ్లకు ఇన్‌ఫ్లమేషన్, హెప్సిడిన్ ఎక్కువగా, శోషణ తక్కువగా ఉందని అది చెప్పింది. భారతీయులకు మొత్తం బరువు తక్కువున్నా పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువని పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ చాలాకాలంగా చెబుతున్నారు. కాళ్లూ చేతులూ సన్నగా, నడుం మాత్రం బారెడుండే మనుషులు మన ఇళ్లలో కొత్త కాదు. వాళ్లను తూకం యంత్రం ఊబకాయులని చెప్పదు. పేగు గోడకు మాత్రం తెలుస్తుంది.

అబద్ధమాడే ఫెరిటిన్

ఇక కొలత దగ్గరికి వద్దాం. గందరగోళం అంతా పుట్టేది ఇక్కడే. ఇనుము నిల్వ తెలుసుకోవడానికి ల్యాబ్‌లో చేసే పరీక్ష ఫెరిటిన్. ఇనుమును లోపల భద్రపరిచే ప్రోటీను అది. రక్తంలో కొద్దిగా తిరుగుతుంటుంది. నిల్వ తగ్గితే అదీ తగ్గుతుంది. అయితే ఇన్‌ఫ్లమేషన్ ఉన్నప్పుడు నిల్వతో సంబంధం లేకుండా పెరుగుతుంది. కాలేయంలో కొవ్వు చేరినప్పుడూ పెరుగుతుంది. అంటే ఊబకాయం ఉన్న మహిళకు ఫెరిటిన్ 50 వచ్చిందంటే, ఆమెకు నిల్వలున్నాయనీ అనుకోవచ్చు, నిల్వల్లేకపోయినా ఇన్‌ఫ్లమేషన్ వల్ల అంత చూపిస్తోందనీ అనుకోవచ్చు. ఇది గమనించే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో మార్గదర్శకాలు సవరించింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు లీటరుకు 15 మైక్రోగ్రాముల లోపు ఉంటే లోపం. ఇన్‌ఫెక్షనో ఇన్‌ఫ్లమేషనో ఉన్నవాళ్లకు మాత్రం 70 లోపు ఉన్నా లోపంగానే చూడాలంది. 15 ఎక్కడ, 70 ఎక్కడ! చాలా ల్యాబ్ నివేదికల్లో మాత్రం అందరికీ ఒకే గీత ఉంటుంది. 40 వస్తే ఎర్ర అక్షరాలు పడవు, చూసేవాళ్లు కాగితం మడిచి సంచిలో పెట్టేస్తారు.

అందుకే ఊబకాయుల మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2012లో సమీక్షించినప్పుడు వింత బొమ్మ తేలింది. సన్నవాళ్లతో పోలిస్తే పెద్దవాళ్లలోని ఊబకాయులకు ఫెరిటిన్ ఎక్కువ, హిమోగ్లోబిన్ కూడా కాస్త ఎక్కువే, కానీ రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ ప్రోటీనుకు చిక్కిన ఇనుము మాత్రం తక్కువ. గోదాము లెక్క ఎక్కువ, రవాణా తక్కువ. మన సర్వేల్లోనూ లావుగా ఉన్న మహిళల్లో రక్తహీనత సన్నవాళ్లకంటే కొంత తక్కువగానే కనబడుతుంది. తిండికి లోటులేని ఇళ్లలోనే బరువు పెరుగుతుందన్నది దీనికి ఒక కారణం కావచ్చు. పైగా హిమోగ్లోబిన్ తగ్గేది అన్నిటికంటే ఆఖర్న. కండరాల్లో, ఎంజైముల్లో కొరత అంతకుముందే మొదలవుతుంది. రక్తహీనత లేదు కాబట్టి ఇనుము లోపం లేదనుకోవడం తొందరపాటు. కుటుంబ ఆరోగ్య సర్వేలో వేలికొన రక్తంతో కొలిచిన హిమోగ్లోబిన్‌ను అలాగే నమ్మలేమన్న వాదన వేరే ఉంది. నరం నుంచి తీసిన రక్తంతో జరిగిన 2016-18 సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో కౌమారుల్లో రక్తహీనత 28 శాతమే వచ్చింది. తర్వాత రక్తహీనతను కొలిచే బాధ్యతను హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు అప్పగించి వేరే సర్వే మొదలుపెట్టారు.

మిగులు వైపు

కరువు సంగతి ఇది. ఇప్పుడు మిగులు. ఇనుము ఎక్కువైతే మధుమేహం వస్తుందన్నది పందొమ్మిదో శతాబ్దపు ఫ్రాన్సులోనే వైద్యులు చూశారు. చర్మం కంచు రంగుకు మారి, కాలేయం గట్టిపడి, మూత్రంలో చక్కెర పోయే రోగులను వాళ్లు వర్ణించారు. అది హిమోక్రోమటోసిస్ అనే వంశపారంపర్య జబ్బు. హెప్సిడిన్ చాలినంత తయారుకాక, జీవితాంతం ఇనుము లోపలికి వస్తూనే ఉంటుంది. దానికి కారణమైన జన్యుదోషాన్ని 1996లో గుర్తించారు. ఉత్తర ఐరోపా మూలాలున్నవారిలో ఎక్కువగా కనబడే ఆ దోషం మన దేశంలో బహు అరుదు. మనకు తెలిసిన ఉదాహరణ తలసీమియా. పదేపదే రక్తం ఎక్కించుకునే పిల్లలకు క్లోమంలో ఇనుము చేరి మధుమేహం రావడం మన ఆసుపత్రులకు కొత్త కాదు. ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలకు ఇనుము లోపలికి వచ్చే దారులు బాగా ఉన్నాయి, ఇనుము పుట్టించే ఆక్సీకరణ దెబ్బను కాచుకునే ఎంజైములు తక్కువ. ఆ దారుల్లో ఒకదాన్ని మూసేసిన ఎలుకలకు మధుమేహం నుంచి రక్షణ దొరికిందని 2012లో చూపారు.

జబ్బు స్థాయికి చేరని, మామూలుకంటే కాస్త ఎక్కువున్న ఇనుము సంగతేంటి? అమెరికా నర్సుల మీద సుదీర్ఘంగా జరిగిన అధ్యయనం 2004లో ఒక జవాబు ఇచ్చింది. ఫెరిటిన్ అత్యధికంగా ఉన్న వర్గానికి, అత్యల్పంగా ఉన్నవారికంటే టైప్-2 మధుమేహం వచ్చే అవకాశం సుమారు రెండున్నర రెట్లు. బరువు, ఇన్‌ఫ్లమేషన్ లాంటివి లెక్కలోంచి తీసేసినా ఆ తేడా నిలబడింది. మరోవైపు 1997లో ఫ్రెంచి వైద్యులు, బరువూ షుగరూ కొవ్వులూ అదుపు తప్పినవారి కాలేయంలో కొద్దిపాటి ఇనుము పేరుకోవడాన్ని ఒక ప్రత్యేక స్థితిగా గుర్తించారు. రక్తంలో ట్రాన్స్‌ఫెరిన్ శాతం మామూలుగానే ఉంటుంది, ఫెరిటిన్ మాత్రం పెరిగి ఉంటుంది. ఇది హెప్సిడిన్ చేసిన పనికి రెండో ముఖమే. మూలుగకు అందకుండా ఆపిన ఇనుము మాయమైపోదు కదా, ఎక్కడో ఒకచోట కూర్చుంటుంది.

కొవ్వు కణాల్లోకి వెళ్లి కూర్చున్న ఇనుము ఏం చేస్తుంది? గత పదిహేనేళ్లలో ఈ ప్రశ్న దగ్గర మంచి పని జరిగింది. ఇన్సులిన్‌కు శరీరం చక్కగా స్పందించడానికి తోడ్పడే అడిపోనెక్టిన్ అనే హార్మోను కొవ్వు కణాల్లోంచి వస్తుంది. ఆ కణాల్లో ఇనుము పెరిగితే అడిపోనెక్టిన్ తగ్గుతుందని 2012లో మెక్లెయిన్ బృందం ఎలుకల్లో చూపింది. మనుషుల్లోనూ ఫెరిటిన్ పెరిగేకొద్దీ అడిపోనెక్టిన్ తగ్గి కనబడింది. 2021లో ఫిలిప్ షెరర్ ప్రయోగశాల నుంచి వచ్చిన ఫలితం మరీ ఊహించనిది. కొవ్వు కణాల్లో మాత్రమే ఇనుమును తగ్గించిన ఎలుకలు, కొవ్వు దండిగా ఉన్న మేత తిన్నా లావెక్కలేదు. ఎక్కువ ఖర్చు చేయడం వల్ల కాదు, వాటి పేగులు కొవ్వును తక్కువగా పీల్చుకోవడం వల్ల. కొవ్వు కణంలోని ఇనుము పేగుకు కబురు పంపుతోందన్నమాట. ఎలుకల కథను మనుషులకు అతికించకూడదు గాని, ఇనుము అంటే రక్తం మాత్రమే అనుకునే మన ఆలోచనకు ఇది గట్టి కుదుపు.

అయితే ఇనుమును తీసేస్తే జీవక్రియ బాగుపడుతుందా? సిద్ధాంతం అంత బలంగా ఉన్నప్పుడు చికిత్స కూడా పనిచేయాలి. రక్తం తీసివేయడం ద్వారా ఇనుము తగ్గించి చూశారు. చిన్న అధ్యయనాల్లో ఆశ కనబడింది. ఫెరిటిన్ ఎక్కువున్న మధుమేహులకు రక్తం తీస్తే ఇన్సులిన్ స్పందన మెరుగైందని స్పెయిన్ నుంచి, మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నవారికి రక్తపోటు తగ్గిందని 2012లో జర్మనీ నుంచి వార్తలొచ్చాయి. 2015లో ఆస్ట్రేలియాలో కాలేయానికి కొవ్వు పట్టిన 74 మంది మీద పద్ధతిగా జరిపిన పరీక్షలో మాత్రం, ఇనుము తగ్గినా కాలేయ కొవ్వులో గాని ఇన్సులిన్ స్పందనలో గాని లాభం రాలేదు. రక్తదానం చేస్తే షుగరు రాదని వాట్సాప్‌లో తిరిగే సందేశాలను అనుమానించడానికి ఈ ఒక్క ఫలితం చాలు. రక్తదానం ఇంకొకరి కోసం చేయాలి, మన షుగరు కోసం కాదు. కొంచెం పెరిగిన ఫెరిటిన్ చాలామందిలో జీవక్రియ దారి తప్పిందనడానికి గుర్తు, అసలు కారణం కాకపోవచ్చు అన్నదే నా అభిప్రాయం.

తిరగేసి అడిగితే

ఇప్పటిదాకా ఊబకాయం ఇనుమును ఎలా మారుస్తుందో చూశాం. ఇనుము లోపం ఊబకాయాన్ని తెస్తుందా? జనం ఎక్కువగా అడిగేది ఇదే. ఇక్కడ ఆధారం పలచన. అలాగని ఏమీ లేదనీ అనలేం. ఆహారాన్ని శక్తిగా మార్చే మైటోకాండ్రియాల్లో ఎలక్ట్రాన్లను చేతులు మార్చే ప్రోటీన్లకు ఇనుమే ఆధారం. వేడి పుట్టించే గోధుమరంగు కొవ్వుకు ఆ రంగు వచ్చింది కూడా అందులోని ఇనుము వల్లే. థైరాయిడ్ హార్మోను తయారీలో ఉండే కీలక ఎంజైముకూ ఇనుము కావాలి. 1990లో అమెరికాలో జాన్ బియర్డ్ బృందం, ఇనుము లోపంతో రక్తహీనత ఉన్న మహిళలను చల్లని నీళ్లలో ఉంచి చూస్తే వాళ్ల శరీర ఉష్ణోగ్రత మిగతావారికంటే ఎక్కువగా పడిపోయింది, థైరాయిడ్ హార్మోన్లూ తక్కువే. ఇనుము అందించాక కొంత కుదుటపడింది. ఇండొనేషియా రబ్బరు తోటల్లో, శ్రీలంక తేయాకు తోటల్లో 1970లలో జరిగిన అధ్యయనాలు ఇనుము ఇస్తే కూలీల పని పెరిగిందని చూపాయి.

కాబట్టి తక్కువ ఇనుముతో అలుపు, అలుపుతో కదలిక తగ్గడం, దాంతో బరువు అన్న వలయం ఉండే అవకాశం ఉంది. మెట్లెక్కితే ఆయాసం వచ్చే మనిషిని రోజూ గంట నడవమంటే ఎలా నడుస్తుంది? అయినా ఐరన్ మాత్ర వేసుకుంటే సన్నబడతారనడానికి మాత్రం ఆధారం లేదు.

ఊబకాయం తగ్గితే ఇనుము దారికొస్తుందా అన్నదానికి జవాబు మెరుగ్గా ఉంది. మెక్సికోలో పొట్ట పరిమాణం తగ్గించే శస్త్రచికిత్స చేయించుకున్నవారిని ఆరు నెలలు గమనించిన 2016 అధ్యయనంలో కొవ్వు కరిగేకొద్దీ ఇన్‌ఫ్లమేషన్, హెప్సిడిన్ తగ్గాయి. ఇనుము లోపం ఉన్నవారిలో శోషణ పెరిగింది. ఇక్కడొక చిక్కుంది. పేగు మొదటి భాగాన్నే తప్పించి దారి మళ్లించే బైపాస్ రకం శస్త్రచికిత్స అయితే, ఇనుము ఎక్కువగా పీల్చుకునే చోటే పోతుంది. ద్వారం తెరుచుకున్నా దాని దగ్గరికి వెళ్లే దారి ఉండదు. అలాంటివాళ్లకు ఏళ్ల తరబడి ఇనుము మీద కన్నేసి ఉంచాలి. మధుమేహానికి వాడే డాపాగ్లిఫ్లోజిన్ మందు ఊబకాయం ఉన్న రోగుల్లో హెప్సిడిన్‌ను తగ్గించిందన్న ఫలితం కూడా ఉంది. ఆ మందు వేసుకునేవారిలో హిమోగ్లోబిన్ కొద్దిగా పెరగడం వైద్యులు చూస్తూనే ఉన్నారు.

మాత్రలు, బియ్యం, మూడు నెలల షుగరు

మన ఊళ్లలోకి వస్తే, ఇనుము అంటే ముందుగా మాత్ర. కౌమార పిల్లలకు వారానికి ఒకటి, గర్భిణులకు రోజూ ఒకటి. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు ఇచ్చే ఆ మాత్రల్లో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. మాత్ర వేసుకున్నాక హెప్సిడిన్ దాదాపు ఒక రోజంతా పెరిగి ఉంటుందని, మర్నాడు వేసుకున్న మాత్ర కొంత వృథా అవుతుందని జూరిక్ పరిశోధకులు తేల్చారు. 2017లో వాళ్లు అచ్చువేసిన అధ్యయనంలో, ఇనుము తక్కువున్న యువతులకు రోజూ ఇస్తే 16.3 శాతం, రోజు విడిచి రోజు ఇస్తే 21.8 శాతం శోషణ జరిగింది. ఆ యువతులు ఊబకాయులు కారు. హెప్సిడిన్ ముందే పెరిగి ఉన్న ఒంట్లో ఈ ఎడం ఇంకా ఎక్కువ ఉపయోగపడుతుందా, అసలు ఉపయోగపడదా అన్నది పెద్ద ఎత్తున పరీక్షించాల్సిన విషయం. మాత్రతో కడుపులో మంట, మలబద్ధకం అని మానేసేవాళ్లు మన దగ్గర ఎక్కువ. గర్భం లేని మహిళలకు వైద్యుల సలహాతో ఈ ఎడం ప్రయత్నించడంలో నష్టం కనబడదు. గర్భిణుల సంగతి వేరు. తల్లి ఊబకాయంతో ఉంటే హెప్సిడిన్ పెరిగి బిడ్డకు చేరే ఇనుము తగ్గుతుందని 2013లో బోస్టన్ అధ్యయనం ఒకటి చెప్పింది. "తల్లి పుష్టిగా ఉంది, బిడ్డకేం లోటు" అనే మాట అక్కడ తేలిపోతుంది. వాళ్లు మాత్రలు మానకూడదు.

తర్వాత రేషన్ బియ్యం. 2024 మార్చి నాటికి ప్రభుత్వ పథకాల బియ్యమంతా ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన బియ్యంగా మారింది. మామూలు బియ్యంలో నూటికి ఒకటి చొప్పున కలిపిన ఆ గింజలు నీళ్లలో తేలడం చూసి ప్లాస్టిక్ బియ్యమని గొడవలయ్యాయి. ఆ భయం ఉత్తది. ప్రమాణం ప్రకారం కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము. రోజుకు 200 గ్రాముల బియ్యం వండుకుంటే 5.6 నుంచి 8.5 మిల్లీగ్రాములు. మహిళలకు భారత వైద్య పరిశోధన మండలి 2020లో సూచించిన రోజువారీ ఇనుము 29 మిల్లీగ్రాములు కాబట్టి ఇది పెద్ద మోతాదేమీ కాదు. అసలు అభ్యంతరం వేరే చోట ఉంది. బెంగళూరుకు చెందిన అనురా కుర్పాడ్, ఢిల్లీకి చెందిన హెచ్.పి.ఎస్. సచ్‌దేవ్ లాంటి వైద్యులు, మాత్రలూ బియ్యమూ ఉప్పూ అన్నిటిలోనూ ఇనుము పోసి, అవసరం ఉన్నవారికీ లేనివారికీ కలిపి తినిపించడం సరికాదంటున్నారు. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం దేశంలో 11.4 శాతం పెద్దవాళ్లకు మధుమేహం ఉందని, 39.5 శాతానికి పొట్ట ఊబకాయం ఉందని చెప్పింది. నెలసరి లేని, నలభై దాటిన, బొజ్జ పెరిగిన మగవాడికి ఆ ఇనుము అవసరం లేదు. అతని భార్యకు కావాలి, కానీ ఆమె పేగు దాన్ని లోపలికి రానివ్వడం లేదు. ఇద్దరూ ఒకే గిన్నెలో అన్నం తింటున్నారు. బియ్యం పథకాన్ని ఆపేయమనడానికి ఈ ఒక్క కారణం చాలదని నేననుకుంటాను. కానీ ఇనుము చాలినంత పంచాం కాబట్టి రక్తహీనత తగ్గుతుందని లెక్కలేసుకునే అధికారులు నడుము కొలిచే టేపు కూడా దగ్గర పెట్టుకోవాలి.

వీటన్నిటికంటే రోజువారీగా తగిలే చిక్కు ఇంకొకటి ఉంది. షుగరు ఉందో లేదో తేల్చడానికి ఇప్పుడు ప్రతి చిన్న పట్నంలోనూ చేస్తున్నది హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగరు పరీక్ష. హిమోగ్లోబిన్‌కు అంటుకున్న చక్కెరను కొలుస్తుందది. ఇనుము లోపం ఉన్నప్పుడు నిజంగా షుగరు పెరగకపోయినా ఈ అంకె పైకి జరుగుతుంది, ఇనుము సరిపోయాక దిగుతుంది. తలసీమియా లక్షణం, రక్తస్రావం లాంటివి ఉంటే కిందికీ జరగవచ్చు. కాస్త లావుగా ఉండి, అలసటగా ఉందని వచ్చిన ముప్పై అయిదేళ్ల మహిళకు ఈ అంకె 6.6 వస్తే, మధుమేహమని రాసి మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టడం తేలిక. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గి రక్తహీనతకు ఇంకో దారి తెరుచుకుంటుంది. అంతకంటే పరగడుపు షుగరు, గ్లూకోజు తాగిన రెండు గంటలకు షుగరు చూసి, ఫెరిటిన్‌తో పాటు ఇన్‌ఫ్లమేషన్ తెలిపే సీఆర్‌పీ, ట్రాన్స్‌ఫెరిన్ శాతం కూడా చేయించాలి. సీఆర్‌పీ పెరిగి ఉంటే ఫెరిటిన్‌ను 15 గీత దగ్గర కాకుండా 70 గీత దగ్గర చదవాలి. లోపం తేలితే ఇనుము ఇచ్చి, పాత ఎర్రకణాల స్థానంలో కొత్తవి వచ్చేదాకా సుమారు మూడు నెలలు ఆగి, హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించి చూశాకే ఆమెకు షుగరుందో లేదో చెప్పాలి.